సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కారులోకి కాలిన ఆయిల్ వాసన: మూలం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: రామమూర్తినగర్ వాసి

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో రామమూర్తినగర్ నుంచి వైట్‌ఫీల్డ్‌లోని ఆఫీసుకు రోజూ కారులోనే వెళ్ళి వస్తుంటాను. మాది 2014 నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు, ఇప్పటికి 86,000 కిలోమీటర్లు తిరిగింది.

కొంతకాలంగా కారులోకి కాలిన ఆయిల్ వాసన వస్తోంది. బండి కదులుతున్నంతసేపు ఏమీ తెలియదు. కె.ఆర్. పురం వంతెన దగ్గరో, టిన్ ఫ్యాక్టరీ దగ్గరో ట్రాఫిక్‌లో నిలబడిపోయిన కాసేపటికి ఎ.సి. గాలితో పాటు లోపలికి వస్తుంది. ఈ మధ్య చిత్తూరులో ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తూ, మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరులో ఆపినప్పుడు వాసన మరీ ఘాటుగా వచ్చింది. బానెట్ వెనుక అంచు నుంచి, అంటే ముందు అద్దం అడుగు భాగం నుంచి, పలుచగా తెల్లని పొగ కూడా కనిపించింది. వెనుక సీటులో ఉన్న మా అమ్మగారికి ఆ వాసనకు తలనొప్పి పట్టుకుంది.

ఉష్ణోగ్రత సూచిక మామూలుగానే ఉంది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలేవీ వెలగలేదు, సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ రావడం లేదు. గత సర్వీసులో ఆయిల్, ఫిల్టర్ మార్పించిన తరువాత డిప్‌స్టిక్ మీద పై గుర్తు దగ్గర ఉన్న ఆయిల్ ఇప్పుడు సగానికి దిగింది. పార్కింగ్‌లో నేల మీద అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు కనబడుతున్నాయి.

మా వీధి చివరి గ్యారేజీలో కారును ఎత్తి చూసి, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య అడుగున తడి ఉంది కాబట్టి వెనుక ఆయిల్ సీల్ (ఇంజిన్ వెనుక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) పోయిందని, గేర్‌బాక్స్ దింపాల్సిందేనని చెప్పారు. ఖర్చు ఐదంకెల్లోకి పోతుంది. ఇంకొకచోట ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైన ఉండే మూత) బోల్టులు బిగించి, కాస్త చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందన్నారు. రెండు సలహాలకూ పొంతన లేదు. వచ్చే నెల తిరుపతి ప్రయాణం ఉంది. ఈలోగా బండి నడపడం క్షేమమేనా, అసలు లోపాన్ని తేల్చుకోవడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: జయనగర్ మెకానికల్

మీరు లక్షణాలను వివరంగా రాశారు కాబట్టి చాలావరకు దారి దొరుకుతుంది. ముందుగా ఒక విన్నపం: ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కంటితో చూసేదాకా గేర్‌బాక్స్ దింపడానికి ఒప్పుకోకండి.

కారులో వచ్చే మాడు వాసనలన్నీ ఒకటి కావు. రేడియేటర్‌లోని కూలెంట్ కారి వేడి లోహం మీద పడితే కొంచెం తియ్యటి వాసన వస్తుంది. క్లచ్ ప్లేటు అరిగి జారుతుంటే, ముఖ్యంగా ఫ్లైఓవర్ ఎక్కే దారిలో సగం క్లచ్ మీద బండిని నిలబెట్టేవారికి, కాగితం మాడినట్టు గొంతుకు పట్టే వాసన వస్తుంది. అది బండి కదిలిన కొద్దిసేపటికి పోతుంది. వైర్ల మీది ప్లాస్టిక్ కాలితే ముక్కు మండుతుంది, అప్పుడు వెంటనే ఇంజిన్ ఆపాలి. ఆయిల్ వాసన వీటన్నిటికంటే బరువుగా, జిడ్డుగా ఉండి బట్టలకు కూడా పడుతుంది. మీ విషయంలో డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గింది, నేల మీద చుక్కలు ఉన్నాయి, సైలెన్సర్‌లో నీలిపొగ లేదు. కాబట్టి ఆయిల్ సిలిండర్ల లోపల కాలడం లేదు, బయటికి కారి వేడి భాగం మీద కాలుతోందని అనుకోవడానికి తగినంత ఆధారం ఉంది.

కదులుతున్నప్పుడు రాని వాసన ఆగినప్పుడు రావడానికి కారణం గాలి. బండి నడుస్తున్నప్పుడు బానెట్ కిందికి దూరిన గాలి ఇంజిన్ మీదుగా వెళ్ళి కారు అడుగు నుంచి వెనక్కి పోతుంది, పొగ ఏదైనా ఉంటే దానితోనే వెళ్ళిపోతుంది. బండి ఆగగానే వేడి గాలి పైకి లేచి బానెట్ వెనుక అంచు నుంచి బయటపడుతుంది. ఎ.సి.కి బయటి గాలిని తీసుకునే జాలీ సరిగ్గా అక్కడే, ముందు అద్దం అడుగున ఉంటుంది. ఘాట్ తరువాత వాసన ఎక్కువైందంటే అదీ దీనికి సరిపోతోంది. చిత్తూరు నుంచి పలమనేరు 300 మీటర్లకు పైగా ఎత్తు. ఆ ఎక్కుడులో ఇంజిన్ ఎడతెగకుండా బరువు లాగుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి వేడి పొగను బయటికి తీసుకుపోయే గొట్టాల భాగం) ఉపరితలం 400 డిగ్రీల సెల్సియస్ దాటినా వింత లేదు. ఇంజిన్ ఆయిల్ అంతకు చాలా ముందే పొగలు కక్కుతుంది.

ఇక తడి సంగతి. ఇంజిన్ పైభాగంలో కారిన ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. ట్యాపెట్ కవర్ వెనుక మూల నుంచి ఊరిన ఆయిల్ ఇంజిన్ వెనుక గోడ వెంట దిగి, చివరికి గేర్‌బాక్స్ కలిసేచోట అడుగున చుక్కగా చేరుతుంది. కింది నుంచి మాత్రమే చూసినవారికి అది వెనుక సీల్ లాగే కనిపిస్తుంది. పైగా వెనుక సీల్ నుంచి కారే ఆయిల్ నేల మీద పడుతుంది గానీ, దానికి ఎంతో ఎత్తున ఉన్న మ్యానిఫోల్డ్ మీదికి సాధారణంగా ఎక్కదు. మీకు పొగ బానెట్ వెనుక అంచు నుంచి వస్తోంది. అందుకే నా అనుమానం పైభాగం మీదే.

చేయవలసింది ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లబడిన తరువాత ఆయిల్ పోసే మూత చుట్టూ, ట్యాపెట్ కవర్ అంచుల వెంట, ఫిల్టర్ దగ్గర, డ్రెయిన్ ప్లగ్ దగ్గర తడి ఉందేమో చూడండి. గత సర్వీసులో పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే ఆయిల్ కారుతుంది. అయితే అప్పుడు నష్టం మీరు చెప్పినదానికంటే చాలా వేగంగా జరుగుతుంది. సర్వీసులో ఒలికిన ఆయిల్ అయితే కొద్ది ప్రయాణాల్లో కాలిపోయి వాసన దానంతట అదే పోయేది.

ఆ తరువాత ఆల్టర్నేటర్‌నూ, గాలి లోపలికి తీసుకునే గొట్టం నోటినీ ప్లాస్టిక్ సంచులతో కప్పి, జిడ్డు తీసే ద్రవంతో ఇంజిన్ పైభాగాన్నీ వెనుక గోడనూ తుడిపించండి. వాటర్ సర్వీసు తుపాకీతో కొట్టనివ్వకండి, నీళ్ళు స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే కాయిల్స్‌లోకి, కనెక్టర్లలోకి పోతాయి. ఆరిన తరువాత అనుమానం ఉన్న అంచుల మీద టాల్కమ్ పౌడర్ పలుచగా చల్లి, ఇంజిన్‌ను బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, చల్లబడ్డాక టార్చిలైటుతో, చిన్న అద్దంతో చూడండి. ఆయిల్ ఊరిన చోట పౌడర్ తడిసి చార కనిపిస్తుంది. ఆ చార మొదలైన అత్యున్నత స్థానమే మూలం. అలా కూడా తేలకపోతే ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు దొరుకుతుంది. అది వేసి అతినీలలోహిత దీపంతో చూస్తే దారి మొత్తం వెలుగుతుంది.

జవాబు: హెబ్బాళ వాసి

పై జవాబుతో ఏకీభవిస్తూ, తరచూ మరిచిపోయే ఒక భాగం గురించి రాస్తున్నాను. ట్యాపెట్ కవర్ అంచు కింద ఆయిల్‌ను ఆపే రబ్బరు పట్టీ, అంటే గాస్కెట్, ఎందుకు కారుతోంది అన్న ప్రశ్న కూడా అడగాలి. వయసుతో రబ్బరు గట్టిపడటం ఒక కారణం. పన్నెండేళ్ళకు దగ్గరపడుతున్న బండిలో అది సహజమే. రెండోది ఇంజిన్ లోపలి పీడనం.

పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత వాయువు ఎప్పుడూ కింది భాగంలోకి జారుతూనే ఉంటుంది. దాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపడానికి పి.సి.వి. వాల్వ్ అనే చిన్న కవాటం, దానికొక గొట్టం ఉంటాయి. అవి మడ్డితో పూడుకుపోతే ఆ వాయువుకు దారి ఉండక, బలహీనంగా ఉన్న గాస్కెట్‌నో సీల్‌నో నెట్టుకుని బయటికి వస్తుంది, ఆయిల్‌ను వెంట తెస్తుంది. కొత్త గాస్కెట్ వేసి ఈ కవాటాన్ని వదిలేస్తే, అది కూడా త్వరలోనే చెమరుస్తుంది. మన నగరంలో గంటకు పది కిలోమీటర్ల వేగంతో కదులుతూ, దగ్గరి దూరాలకే తిరిగే బండ్లలో ఆయిల్ తగినంతసేపు బాగా వేడెక్కక తేమ, మడ్డి చేరడం ఎక్కువ. అందుకే ఔటర్ రింగ్ రోడ్డు మీద నలిగే బండికి కిలోమీటర్ల లెక్క కంటే నెలల లెక్క చూసి ఆయిల్ మార్చడం మంచిదని నా అభిప్రాయం.

పరీక్ష సులభం. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతను జాగ్రత్తగా తీసి, ఆ నోటి మీద పలుచని కాగితం ఉంచండి. కొన్ని ఇంజిన్లలో వేడి ఆయిల్ చిమ్ముతుంది కాబట్టి ముఖం దూరంగా పెట్టుకోండి. చాలా పెట్రోలు ఇంజిన్లలో కాగితం మెల్లగా లోపలికి అతుక్కోవాలి. అది ఎగిరిపోతుంటే పి.సి.వి. దారి మూసుకుపోయి ఉండవచ్చు. వాల్వ్ మార్చిన తరువాత కూడా బుస్సుబుస్సుమని పొంగుతుంటే రింగుల అరుగుదలను అనుమానించి కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో పీడనం కొలిచేది) చేయించాలి.

జవాబు: విజయనగర్ పాత గ్యారేజీ

బోల్టులు బిగించి చిక్కటి ఆయిల్ పోయమన్న సలహా మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, కారణాలు చెబుతాను.

ఈ కాలపు ట్యాపెట్ కవర్లు చాలావరకు ప్లాస్టిక్‌వి లేదా పలుచని అల్యూమినియంవి. బోల్టు ఒక హద్దు దాకా దిగి ఆగేలా మెట్టు ఉంటుంది. ఆ హద్దుకు చేరాక ఎంత బిగించినా గాస్కెట్ మీద అదనపు ఒత్తిడి పడదు, మర తెగుతుంది లేదా కవర్ పగులుతుంది. గట్టిపడిన రబ్బరు బిగింపుతో మెత్తబడదు. పాత గాస్కెట్‌ను తీసి వంచి చూస్తే ప్లాస్టిక్ ముక్కలా విరుగుతుంది, అంతటితో ఆ వాదన ముగుస్తుంది.

చిక్కటి ఆయిల్ సంగతి మరీ ముఖ్యం. మీ ఇంజిన్‌కు మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో దాని ప్రకారమే సన్నని దారులు, బేరింగుల సందులు, ఉంటే వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు తయారై ఉంటాయి. తెల్లవారి చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది. కారడం కొంత తగ్గినట్టు కనిపించినా, ఒక గాస్కెట్ ఖర్చు తప్పించుకోవడానికి ఇంజిన్ ఆయుష్షును పణంగా పెట్టినట్టవుతుంది. కారుడు ఆపే మందులని సీసాల్లో అమ్మేవి రబ్బరును ఉబ్బిస్తాయి, అవి తాత్కాలికం.

క్షేమం గురించి అడిగారు. ఊరిన ఆయిల్ పొగగా పోతున్నంతవరకు నగరంలో మెల్లగా నడపవచ్చు, కానీ వారానికొకసారి డిప్‌స్టిక్ చూడాలి, మట్టం కింది గుర్తు దాటి పడిపోనివ్వకూడదు. తిరుపతి ప్రయాణానికి మాత్రం బాగుచేయించిన తరువాతే బయలుదేరండి. ఆయిల్ పేరుకుపోయిన మ్యానిఫోల్డ్ మీద ఎండుటాకులో, మరిచిపోయిన గుడ్డపేలికో పడి ఉంటే మంట లేవడం అసాధ్యం కాదు. దారిలో పొగ దట్టమైతే పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, అందరినీ దించి దూరంగా నిలబడండి. మంట ఉందనిపిస్తే బానెట్‌ను పూర్తిగా ఎత్తవద్దు, ఒక్కసారిగా గాలి అంది ఎగసిపడుతుంది.

అమ్మగారి తలనొప్పి మాట చదివి ఒకటి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఎ.సి.ని లోపలి గాలి తిరిగే స్థానంలో పెడితే ఆయిల్ వాసన తగ్గుతుంది, కానీ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ కూడా కారుతుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు, దానికి వాసన ఉండదు. ఉదయం చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్‌మని శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గుతుంటే ఆ అనుమానం ఉంచుకుని ముందు అదే చూపించండి. అది తేలేదాకా ట్రాఫిక్‌లో కిటికీ అద్దం కొద్దిగా దించి ఉంచండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: రామమూర్తినగర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. తెలిసిన మెకానిక్ ఒకాయన సాయంతో మీరు చెప్పినట్టే శుభ్రం చేయించి పౌడర్ చల్లి చూశాం. మా ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ క్యాబిన్ వైపు ఉంది. ట్యాపెట్ కవర్ వెనుక అంచులో, టైమింగ్ చెయిన్ కవర్ (ఇంజిన్ పక్కన ఉండే గొలుసు మూత) కలిసే మూల దగ్గర స్పష్టంగా చార మొదలై, మ్యానిఫోల్డ్ వేడి కవచం మీదికి దిగింది. ఇంకొక చార గేర్‌బాక్స్ వైపు పోయింది. స్పార్క్ ప్లగ్ గుంతల్లో ఒకదానిలో కూడా ఆయిల్ ఉంది. కాగితం పరీక్షలో కాగితం లోపలికి అతుక్కోలేదు, అలాగని ఎగిరిపోలేదు, అల్లాడింది. పి.సి.వి. గొట్టం విప్పితే లోపల గోధుమరంగు మడ్డి ఉంది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ శబ్దం ఏదీ లేదు.

జె.సి. రోడ్డులో విడిభాగాల దుకాణాలు తిరిగితే ఒకే గాస్కెట్‌కు మూడు రకాల ధరలు చెప్పారు. కంపెనీ గాస్కెట్‌కూ మామూలుదానికీ నిజంగా తేడా ఉంటుందా? ఒక దుకాణదారు గాస్కెట్ చుట్టూ సిలికాన్ పూయమన్నారు. అది సరైనదేనా?

జవాబు: జయనగర్ మెకానికల్

మూలం దొరికింది, చాలా సంతోషం. గాస్కెట్‌కు కంపెనీదే లేదా ఆ కారు తయారీకి సరఫరా చేసే సంస్థదే తీసుకోండి. రబ్బరు నాణ్యత బయటికి కనబడదు, వేడిలో రెండు వేసవులు గడిచాక తెలుస్తుంది. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా ఉన్న ఆ దుకాణాల్లో మంచి సరుకూ దొరుకుతుంది, నకలూ దొరుకుతుంది. కారు ఛాసిస్ నంబరు చెప్పి భాగం సంఖ్య సరిచూసుకుని, బిల్లు తీసుకోండి. స్పార్క్ ప్లగ్ గుంతల చుట్టూ ఉండే రింగులు సెట్టులో ఉన్నాయో లేదో అడగండి, అవి వేరుగా వస్తే వేరుగా కొనండి. పి.సి.వి. వాల్వ్, దాని గొట్టం కూడా ఈసారే మార్చేయండి.

చుట్టూ సిలికాన్ పూయడం తప్పు. రబ్బరు గాస్కెట్ పొడిగానే కూర్చోవాలి. జిగురు ఎక్కువైతే గాస్కెట్ జారుతుంది, లోపలికి పిండుకున్న ముక్క తెగి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడుతుంది. అయితే మీకు కారిన ఆ మూల, అంటే సిలిండర్ హెడ్‌కూ టైమింగ్ కవర్‌కూ మధ్య అతుకు ఉన్న చోట, చిన్న బొట్టు సీలెంట్ పెట్టమని చాలా ఇంజిన్ల మాన్యువల్‌లో ఉంటుంది. రెండు లోహ భాగాల ఎత్తుల్లో వెంట్రుకవాసి తేడాను ఆ బొట్టు పూడుస్తుంది. అది పెట్టకపోవడం వల్లే ఆ మూలలు ముందు కారుతుంటాయి.

పాత గాస్కెట్ ఆనవాళ్ళను ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీయించండి. గరుకు కాగితం వాడితే ఆ రజను ఇంజిన్‌లోకి రాలుతుంది, అల్యూమినియం మీద గీతలు పడతాయి. బోల్టులను మధ్య నుంచి అంచుల వైపు, రెండు మూడు విడతలుగా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. వీటి బిగింపు చాలా తక్కువ, సాధారణంగా 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. చేతి అంచనాతో బిగించే అలవాటున్నవారు ఇక్కడే ఎక్కువ నష్టం చేస్తారు. సీలెంట్ ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

ప్లగ్ గుంతలో ఆయిల్ నిలిచిన చోట కాయిల్ రబ్బరు తొడుగు ఉబ్బి మెత్తబడి ఉంటే దాన్నీ మార్చండి. లేకపోతే నిప్పురవ్వ పక్కదారి పట్టి మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం) మొదలవుతుంది, కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి చేరి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. దాని ధర ముందు ఈ పనంతా చిన్నదే.

జవాబు: విజయనగర్ పాత గ్యారేజీ

ఒక్క సంగతి చేరుస్తాను. పని అయిన తరువాత కూడా కొన్నాళ్ళు వాసన ఉంటుంది, కంగారు పడకండి. వేడి కవచం మీద, దాని వెనుక అప్పటికే చేరిన ఆయిల్ కాలిపోవాలి. వీలైతే ఆ కవచాన్ని విప్పి రెండు వైపులా తుడిపించండి. లోపల దూది లాంటి పొర ఉండి అది ఆయిల్ పీల్చుకుని ఉంటే శుభ్రం చేయడం వృథా, మార్చడమే మేలు.

ఆయిల్‌ను పై గుర్తు దాకా నింపి, ఆ రోజు కిలోమీటర్ల అంకె రాసి పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్ల తరువాత సమతలంగా ఉన్న చోట, చల్లని ఇంజిన్ మీద మళ్ళీ చూడండి. పైభాగం పొడిగా ఉండి, గేర్‌బాక్స్ అతుకు అడుగున మళ్ళీ తాజా చుక్క చేరుతుంటే అప్పుడు మొదటి మెకానిక్ చెప్పిన వెనుక సీల్ మాటను తీసుకోవచ్చు. అప్పుడైనా చుక్క చిన్నదైతే, క్లచ్ ప్లేటు మార్చే రోజు వచ్చేదాకా ఆగండి. గేర్‌బాక్స్ ఎలాగూ ఆ పనికి దిగుతుంది, సీల్ ధర మాత్రమే అదనంగా పడుతుంది.